కాలఘంటుడి వాలు చెర్రీ

పాతాళగండికి ఉన్నది ఒక్కటే వంతెన. అదీ తాళ్ల వంతెన. దాన్ని దాటి ఇవతలి గట్టు మీద కాలు పెట్టీ పెట్టగానే యువరాజు రణధీరవర్మ గిరుక్కున వెనక్కి తిరిగి, కత్తి దూసి, రెండు వేట్లలో రెండు తాళ్లనూ తెగనరికేశాడు. వెంట తరుముకొస్తున్న మూడు భూతాలు అవతలి గట్టు మీదే ఆగిపోయి, ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి.

"చూశావా మాచనా! ఇక మన జోలికి రాలేవు," అని యువరాజు మీసం మెలేశాడు.

తోటమాలి మాచన గండిలోకి తొంగి చూశాడు. వంతెన పలకలు కిందికి పోయి పోయి కనుమరుగయ్యాయి. అడుగున తగిలిన చప్పుడు మాత్రం ఎంతసేపటికీ రాలేదు.

"భూతాలు రాలేవు బాబూ, నిజమే. మరి మనం తిరిగి ఎట్లా పోతాం?"

"వీరుడు తిరుగుదారి గురించి ఆలోచించడు!"

"నేను వీరుణ్ణి కాను కదా బాబూ," అన్నాడు మాచన నీరసంగా.

రణధీరవర్మ ఈ యాత్రకు బయలుదేరింది శపథం కోసం. మాంత్రికుడు కాలఘంటుణ్ణి చంపి కాని మళ్లీ తాంబూలం వేసుకోనని నిండు సభలో అనేశాడు. కాలఘంటుడు తనకు చేసిన అపకారం ఏమిటో దారిలో ఎక్కడో మరిచిపోయాడు. తాంబూలం సంగతి మాత్రం రోజుకు నాలుగుసార్లు గుర్తొచ్చేది.

మాచన బయలుదేరింది చెల్లెలు మాలచ్చి కోసం. మూడు నెలల కిందట పూలమ్ముకోవడానికి కాలఘంటుడి కోటకు వెళ్లిన మాలచ్చి, అక్కడి తోటలో ఒక విడ్డూరపు చెట్టును చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే రాయయిపోయింది.

నిన్న దారిలో ఒక గుహలో ఉండే ముసలి యోగి, "కాలఘంటుడి ప్రాణం ఆ చెట్టులోనే ఉంది నాయనా," అని చెప్పగానే యువరాజు కత్తి పట్టుకొని గుహలోంచి బయటికి దూకేశాడు. చెప్పు తెగి వెనకబడ్డ మాచన ఒక్కడే తక్కిన సగం విన్నాడు. "తొందరపడి నరికేరు! వాడు చస్తే రాళ్లయినవాళ్లు రాళ్లుగానే ఉండిపోతారు. వాడు బతికుండి, తన కమండలంలో నీళ్లు తన చేత్తో చల్లితేనే మళ్లీ మనుషులవుతారు." ఈ ముక్క మాచన యువరాజుకు పదకొండుసార్లు చెప్పాడు. పదకొండుసార్లూ యువరాజు "ఊఁ" అన్నాడు.

లోపలికి వెళ్లడానికి ఉపాయం అక్కర్లేకపోయింది. తన చెట్టును బాగుచేసిన మాలికి కోరింది ఇస్తానని కాలఘంటుడు ఏడు రాజ్యాల్లోనూ చాటింపు వేయించి ఉన్నాడు. అందుకని మాచన మాచనగానే వెళ్లాడు. యువరాజుకు మాత్రం ఒంటికింత మట్టి పూసి, నెత్తిన పెంట ఎరువు తట్ట పెట్టి, కత్తిని ఆ ఎరువులోనే దాచి, గుండడు అని పేరు పెట్టాడు.

కోట వాకిట బిగించిన ఇత్తడి సింహం తల నోరు తెరిచి, "ఎవరది?" అని గర్జించింది.

"తోటమాలిని."

"అయ్యో పాపం," అని సింహం తలుపు తీసింది.

ఆ ఉద్యానవనాన్ని ఏమని వర్ణించేది! పచ్చల పలకలు పరిచిన బాటలు, బాటల పక్కన పన్నీటి కాలువలు, కాలువల్లో కనకపు చేపలు, చంద్రకాంత శిలల మండపాలు, మండపాల మీద మాటలు నేర్చిన నెమళ్లు. వాటి నడుమ రాతి మనుషులు. పార ఎత్తినవాడొకడు, కుండ వంచినవాడొకడు, ఏదో చెప్పబోతూ నోరు తెరిచినవాడొకడు. కాలఘంటుడు దేన్నీ వృథా పోనిచ్చే రకం కాదు. చాచిన చేతులకు దీపాలు తగిలించాడు. తెరిచిన నోట్లో ఊదొత్తులు గుచ్చాడు.

వరసలో చివర మాలచ్చి ఉంది. చంకలో పూలబుట్ట, వెనక్కి వాల్చిన తల, పెదవుల మీద అదే నవ్వు. మాచనకు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఎవరూ చూడకుండా తలగుడ్డ కొసతో తుడుచుకున్నాడు.

తోట నడిమధ్యన ఉంది ఆ చెట్టు. మంచుకొండల హిమపురి నుంచి తెప్పించిన వాలు చెర్రీ. దాని కొమ్మలు అన్ని చెట్ల కొమ్మల్లా పైకి పోవు. గొడుగు అంచుల్లా నేలకు వాలతాయి. అందానికి పెంచుకోవలసిందే కాని దాని కాయను కాకి కూడా ముట్టదు. దాని పక్కన, పద్నాలుగు లోకాలనూ గడగడలాడించిన కాలఘంటుడు రెండు శాలువలు కప్పుకొని, కాళ్లు వేణ్ణీళ్ల గంగాళంలో పెట్టుకొని, మూలుగుతూ కూర్చున్నాడు.

"వచ్చావా మాలీ! నా తల చూడు, దువ్వెన పెడితే పిడికెడు వస్తోంది. అది ఆకు రాలిస్తే నాకు జుట్టు రాలుతుంది. కాళ్లు చూడు, ఒకటే నీరు. ఏం చేస్తావో చెయ్యి, చెయ్యలేకపోయావా, అదిగో అక్కడ ఖాళీ పీఠం ఉంది."

"చెట్టుకు నీళ్లెన్ని పోస్తున్నారు దొరా?"

"పొద్దున నూరు బిందెలు, సాయంత్రం నూరు. నడుమ నడుమ పాలు. నా ప్రాణం కదటయ్యా, లోటు చెయ్యగలనా?"

"మరి ఈ పందిరి?"

"బంగారు రేకులతో వేయించాను. ఒక్క ఎండపొడ పడనివ్వను."

"మొదలు చుట్టూ నడుమెత్తున ఆ మట్టి కుప్ప?"

"గాలికి ఒరిగిపోతే నేనేమైపోవాలి?" అన్నాడు కాలఘంటుడు ఆ ఊహకే వణికిపోతూ.

వీణ్ణి చంపడానికి కత్తీ వద్దు, శపథమూ వద్దు, ఇంకో రెండు నెలలు ఈ సంరక్షణే సాగిస్తే చాలు అనుకున్నాడు మాచన. కాని వాడితోబాటు మాలచ్చి ఆశా పోతుంది. ఇంత కష్టపడి వచ్చింది ఈ దుర్మార్గుణ్ణి బతికించడానికా అని ఒక్క క్షణం ఒళ్లు మండింది. అయినా పార అందుకున్నాడు.

ముందు పందిరి పీకించాడు. చెట్టు మీద ఏడేళ్లకు ఎండ పడింది. తర్వాత పాదు గట్టు తెంపి, కంపు కొడుతున్న పాలనీళ్లను కాలువలోకి వదిలాడు. తర్వాత మట్టి కుప్ప తవ్వడం మొదలైంది.

"ఒరేయ్ గుండా! సగం సగం ఎత్తుతావేంరా, తట్ట నిండా ఎత్తు!" అని కేకేశాడు మాచన. దారి పొడుగునా యువరాజు సామాన్లు మోసినవాడు కనక, ఆ కేకలో కొంచెం సంతోషం కూడా ఉంది. రణధీరవర్మ పళ్లు కొరుకుతూ అరవై తట్టలు మోశాడు.

"అబ్బా! అమ్మయ్యా!" అన్నాడు కాలఘంటుడు కుర్చీలో వెనక్కి వాలి. "కాళ్లల్లో నీరు దిగిపోతోంది. ఒరేయ్ మాలీ, నువ్వు మనిషివి కాదురా, ధన్వంతరివి!"

మట్టి పోయేసరికి కాండం బయటపడింది. రొమ్మెత్తున దాని మీద పిడికిలంత బుడిపె ఉంది. అంటు ముడి. ఆ ముడికి కిందనుంచి, కాండం పొడుగునా కొమ్మలు నిటారుగా లేచి, వాలు కొమ్మలను తోసుకొని ఆకాశంలోకి పోతున్నాయి. వాటికి నిగనిగలాడే ఆకులు. పై కొమ్మలకు ఎండుటాకులు.

"చూశావా, నా ప్రాణం ఎంత పొగరుగా పెరుగుతోందో!" అన్నాడు కాలఘంటుడు మురిసిపోతూ. "ఈ నిలువు కొమ్మల్ని కోసేయాలన్న మాలీలు ఆరుగురు. ఆరుగుర్నీ మాట పూర్తి కానివ్వలేదు."

"దొరా, ఇది ఒక చెట్టు కాదు, రెండు," అన్నాడు మాచన మెల్లిగా. "కింది కాండం, వేళ్లు అడవి చెర్రీవి. దాని తల కోసి, వాలు రెమ్మ తెచ్చి అంటు కట్టారు. మీరు ముచ్చటపడ్డది పైదాన్ని. మీ ప్రాణం ఉన్నదీ దాంట్లోనే. ఈ నిలువు కొమ్మలన్నీ కింది చెట్టువి. పైదానికి పోవలసిన సారమంతా ఇవే తాగేస్తున్నాయి."

మామూలు చెట్టయితే ఈపాటికి కొడవలి పెట్టేసి ఉండేవాడే. కాని ఎందుకో చెయ్యి ఆడలేదు. ఊరికే లెక్క పెట్టాడు. పంతొమ్మిది కొమ్మలు. అన్నిటికంటే కిందిది ముంజేయంత లావు. అన్నిటికంటే పైది, ముడికి బెత్తెడు కింద, ఇంకా లేతగా, చిటికెన వేలంత. తలతిప్పి విగ్రహాలను లెక్క పెట్టాడు. పద్దెనిమిది మంది మాలీలు, చివర మాలచ్చి.

పంతొమ్మిది. మాచన కొమ్మ మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రణధీరవర్మకు ఓపిక అయిపోయింది. కాండం బయటపడింది, మాంత్రికుడు కళ్లు మూసుకొని ఉన్నాడు, ఇంతకంటే అదను ఎక్కడ దొరుకుతుంది? ఎరువు తట్టలోంచి కత్తి లాగి, "కాలఘంటా! నీ కాలం తీరింది!" అని అరుస్తూ దూకాడు. "బాబూ, వద్దు!" అని మాచన పార అడ్డం పెట్టాడు. కత్తి పార మీద పడి, జారి, కాండాన్ని తప్పి, అన్నిటికంటే లేత కొమ్మను సగానికి తెగ్గోసింది. కాలఘంటుడు "చచ్చాన్రోయ్!" అని గావుకేక పెట్టాడు. మరుక్షణం ఒళ్లంతా తడుముకొని, "చావలేదే! నొప్పే లేదే!" అని ఆశ్చర్యపోయాడు.

నొప్పి ఇంకొకచోట కలిగింది. ఫెళ్లున చప్పుడైంది. మాలచ్చి విగ్రహం మెడ దగ్గర బీట విచ్చింది.

"అయ్యో, నా తల్లీ!" అని మాచన పార విసిరేశాడు. సన్నని బెరడు పట్టుకొని వేలాడుతున్న కొమ్మను ఎత్తి, తెగినచోట తెగినచోటికి అతికించి, తలగుడ్డ చింపి, తడి బంకమట్టి మెత్తి, అంటు కట్టినట్టే బిగించి కట్టాడు. బీట ఆగింది. మాలచ్చి తల భుజాల మీదే నిలిచింది.

ఈలోగా కాలఘంటుడు శాలువలు విదిల్చి లేచి, కమండలం పైకెత్తి మంత్రం అందుకున్నాడు. "ఓం ఘట్, స్థాణు భవ..."

"ఆగండి దొరా!" మాచన గొంతు చించుకొని అరిచాడు. "ఇంకొకణ్ణి రాయి చేస్తే ఇంకో కొమ్మ లేస్తుంది! మీరే చస్తారు!"

మంత్రం సగంలో ఆగింది. ఆగిన సగానికే యువరాజు మీసం రాయయిపోయి, ఆ బరువుకు తల ముందుకు వంగిపోయింది. అందరూ చూస్తుండగానే చెట్టు కాండం మీద బఠాణీ గింజంత మొటిమ ఒకటి పుటుక్కున లేచింది. కాలఘంటుడి తల మీంచి నాలుగు వెంట్రుకలు గాలికి ఎగిరిపోయాయి.

"మొదటి నిలువు కొమ్మ ఎప్పుడు లేచింది దొరా?"

"మొదటి మాలిని రాయి చేసిన మర్నాడు. శుభశకునం అనుకున్నాను."

"రెండోది?"

కాలఘంటుడు వేళ్ల మీద లెక్కపెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. చెట్టు వాడిపోతోందని మాలిని పిలిచాడు. మాలి నచ్చక రాయి చేశాడు. ఆ మాలి ప్రాణం కొమ్మయి లేచి చెట్టు సారం లాగింది. చెట్టు ఇంకా వాడింది. ఇంకో మాలిని పిలిచాడు. ఏడేళ్లుగా లోకాలను శిక్షిస్తున్నాననుకుంటూ తన ప్రాణం తనే పీక్కుంటున్నాడు.

"అయితే కొమ్మలన్నీ నరికెయ్!"

"నరికితే వాళ్ల ప్రాణం గాల్లో కలిసిపోదు దొరా, వేళ్లలోకి దిగి రెండింతలై లేస్తుంది," అన్నాడు మాచన. అడవి చెర్రీని నరికితే రెండు కొమ్మలు లేవడం నిజమే. మనుషుల ప్రాణాల సంగతి ఎవరికి తెలుసు? కాని మాట తడబడకుండా అన్నాడు. "నీళ్లు చల్లండి. మనిషి లేస్తాడు, కొమ్మ దానంతటదే రాలుతుంది."

కాలఘంటుడు ఏడుపు మొహంతో వెళ్లి మొదటి విగ్రహం మీద నీళ్లు చల్లాడు. "...నీళ్లు తగ్గించాలి దొరా," అని ఏడేళ్ల కిందటి మాట పూర్తి చేస్తూ మొదటి మాలి కదిలాడు. కింది కొమ్మ ఎండి రాలింది. రెండోవాడు, "ఈ మట్టి తియ్యాలి దొరా," అన్నాడు. ఏడోవాడు తుమ్మి, నోట్లోంచి ఊదొత్తి తీసి పారేశాడు. పద్దెనిమిది మందీ లేచేసరికి చెట్టు వాలు కొమ్మల్లో పచ్చదనం పాకింది, కాలఘంటుడి బుగ్గల్లో నెత్తురు పాకింది. నెత్తురుతోబాటు బుద్ధి కూడా పాత దారికి వచ్చింది.

"ఈ పిల్ల నీకేమవుతుంది?" అన్నాడు మాలచ్చి ముందు ఆగి.

"చెల్లెలు దొరా. చల్లండి, మీ పుణ్యముంటుంది."

"పుణ్యం నాకెందుకు? ఒక్క లేత కొమ్మకు నా ప్రాణం పోదులే. ఈ చెట్టు పూసిందంటే నాకింకో నూరేళ్ల ఆయుష్షు. ఏడేళ్లలో ఒక్క పువ్వు పూయలేదు. పూసిన రోజున నీ చెల్లెలిని విడిచిపెడతాను."

"దొరా, ఇది చలిదేశపు చెట్టు. రెండు నెలలు గడ్డకట్టే చలి తగిలితే కాని మొగ్గ వేయదు. ఈ కోటలో మాఘమాసంలో కూడా విసనకర్ర కావాలి. మంత్రంతో చలి తెప్పించగలరా?"

"ఆ పాఠం చెప్పిన రోజు గురువుగారి దగ్గరికి వెళ్లలేదు," అన్నాడు కాలఘంటుడు కొంచెం సిగ్గుపడి.

"అయితే చలిని ఇక్కడికి తేలేం. చెట్టునే చలి దగ్గరికి తీసుకెళ్లాలి."

పద్దెనిమిది మంది మాలీలు, పద్దెనిమిది రకాల సలహాలు. అన్నిటినీ దాటుకొని మాచన చెట్టు చుట్టూ వెడల్పుగా తవ్వించి, వేళ్లకు పట్టిన మట్టి రాలకుండా గోనె చుట్టి, తడి గడ్డి కప్పి బండికెక్కించాడు. వేళ్లు నేల వదిలాక మూడు రోజులే గడువు. ఆలోపు హిమపురి మంచునేలలో నాటాలి. కట్టుకట్టిన కొమ్మ కదలకుండా వెదురు పుల్ల ఊతం పెట్టాడు. మాలచ్చి విగ్రహాన్ని గడ్డిలో పడుకోబెట్టాడు. ఆమె పక్కన కాలఘంటుడు శాలువలు కప్పుకొని కూర్చొని, బండి కుదిపినప్పుడల్లా "మెల్లిగా రా ఒరేయ్! ప్రాణం! ప్రాణం!" అని అరిచాడు. కాడి మోసింది రణధీరవర్మ. రాతి మీసం బరువుకు తల ఎలాగూ వంగే ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి, హిమపురి దారికి అడ్డంగా ఉన్న పాతాళగండి చేరారు.

మాచన వంతెన సంగతి మరిచిపోలేదు. ఇంత పెద్ద మాంత్రికుడు బండిలో ఉండగా వంతెనకేం లోటు అనుకున్నాడు. "దొరా, ఒక వంతెన వేయండి," అన్నాడు.

కాలఘంటుడు కమండలం ఎత్తి మంత్రం చదివాడు. దగ్గు వచ్చింది. మళ్లీ చదివాడు. ఎక్కిళ్లు వచ్చాయి. వంతెన రాలేదు. వేళ్లు నేల వదిలిన చెట్టు చిగురు వేయదని మాచనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ చెట్టులో ప్రాణమున్నవాడి మంత్రమూ పనిచేయదన్న ముక్క మాత్రం తట్టలేదు.

ఎండ మండిపోతోంది. గోనె మీద తడి ఆరిపోతోంది. కాలఘంటుడి చేతుల మీద చర్మం ముడతలు పడసాగింది. వాడు భయంతో బిక్కచచ్చిపోయి, "మాలీ, నీకు దణ్ణం పెడతాను, నన్నెలాగైనా దాటించు! నీ చెల్లెలిని ఇప్పుడే, ఇక్కడే విడిచిపెడతాను!" అని కమండలంలో నీళ్లన్నీ గబగబా మాలచ్చి మీద కుమ్మరించాడు.

మాచన వంగి చూశాడు. నీళ్లు రాతి బుగ్గల మీంచి జారి గడ్డిలోకి ఇంకాయి. రాయి రాయిగానే ఉంది. అవి ఇప్పుడు ఉత్త నీళ్లు. కట్టుకట్టిన లేత కొమ్మ కొసన ఆకు ఒకటి వడలి కిందికి వాలింది.

మాచన అంతవరకూ ఎవరి మీదా కోప్పడి ఎరగడు. తాగునీళ్ల బుర్ర విప్పి, ఉన్న నీళ్లన్నీ వేళ్ల మీద పోశాడు. తర్వాత యువరాజు ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"వీరుడు తిరుగుదారి గురించి ఆలోచించడన్నారు కదా బాబూ. ఇప్పుడు ఆలోచించండి. మా మాలచ్చి ప్రాణం ఆ గుడ్డపీలిక కింద ఉంది."

రణధీరవర్మ మీసం మెలేయబోయాడు. అది మెలిపడలేదు. అవతలి గట్టు వైపు చూశాడు. తెగిన వంతెన తాళ్లు అక్కడి స్తంభాలకు వేలాడుతున్నాయి. ఆ స్తంభాలకు చేరగిలబడి మూడు భూతాలూ తీరిగ్గా కూర్చొని, ఇటే చూస్తున్నాయి. తాడు విసరగలిగింది అవే.

యువరాజు కాడి కింద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండు చేతులూ జోడించాడు.

"అన్నగార్లూ!" అని పిలిచాడు గండి ఇవతలి నుంచి. "నిన్న నేను కొంచెం తొందరపడ్డాను..."

భూతాల్లో పెద్దది లేచి, ఒళ్లు విరుచుకొని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"వినపడలేదు," అంది. "ఇంకోసారి చెప్పు."